గ్వాంగ్జౌ విందుకు పిలుపు, అక్టోబర్ బాకీ, నాలుగో అంతస్తు పేచీ

ప్రశ్న: నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఊరు. దుబాయ్ దేరాలో ఒక ఫోర్ స్టార్ హోటల్లో సేల్స్ మేనేజర్‌గా చేస్తున్నాను. చైనాలోని గ్వాంగ్జౌ నగరం నుంచి ఒక టూర్ కంపెనీ మాకు నెలనెలా గ్రూపులు పంపుతుంది. ఏప్రిల్‌లో ఏడాదికి సరిపడా రేటు మాట్లాడుకుని సంతకాలు చేశాం. జులై రాకముందే తగ్గించమన్నారు. చైనా వాళ్ల అక్టోబర్ సెలవుల్లో వచ్చిన గ్రూపుల డబ్బు ఇంకా సగం రాలేదు. పోయిన నెల వీడియో మీటింగ్‌లో వాళ్ల డైరెక్టర్, జూనియర్లు అందరూ ఉండగా బాకీల లిస్టు స్క్రీన్ మీద పెట్టి ఎప్పుడు కడతారని అడిగాను. అప్పటి నుంచి అక్కడ మా పని చూసే మేనేజర్ వీచాట్‌లో (వాట్సాప్ లాంటి చైనా యాప్) ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. ఏది అడిగినా 'చూస్తాం' అంటుంది. ఇక్కడ చూస్తే లాబీలో గోల, బ్రేక్‌ఫాస్ట్ దగ్గర తోపులాట, నాలుగో అంతస్తు వద్దని పేచీ. మా స్టాఫ్ వెనక నవ్వుకుంటారు. 'వీళ్ల కల్చరే అంత' అంటారు మా జీఎం (జనరల్ మేనేజర్). ఇప్పుడు జనవరిలో గ్వాంగ్జౌకు విందుకు రమ్మన్నారు. నేను మాంసం తినను, మందు ముట్టను. వెళ్లాలా? వెళ్తే ఎలా నెగ్గుకురావాలి?
(ఒక పాఠకుడు, దుబాయ్)

సమాధానం: వెళ్లండి. పిలిచారంటే తెగతెంపులు చేసుకునే ఉద్దేశం లేదన్నమాట. విందు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ జీఎం గారి మాట తేల్చుకోవాలి.

రేటు, బాకీ, గోల, నాలుగో అంతస్తు, అన్నిటినీ ఆయన 'కల్చర్' అనే ఒకే మూటలో కట్టేశారు. హోటల్ లైన్లో చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అందులో సగం శుద్ధ వ్యాపారం. జర్మనీ టూర్ కంపెనీ అయినా, మన హైదరాబాద్ టూర్ కంపెనీ అయినా అదే చేస్తుంది. కల్చర్ లేదని కాదు, ఉంది. డబ్బు ఎవరి ముందు, ఏ పద్ధతిలో అడిగారన్న దగ్గర ఉంది. ఈ రెండింటినీ విడదీసుకుంటే మీ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

రేటు సంగతి చూద్దాం. ఆ జులై, ఆగస్టు తేదీలకు మీ గది చైనా ఆన్‌లైన్ బుకింగ్ సైట్ సీట్రిప్‌లో ఎంతకు అమ్మారో మీ హోటల్లో రేట్లు చూసే రెవెన్యూ టీమ్‌ను అడగండి. దుబాయ్ ఎండల్లో ఖాళీ గదులు నింపుకోవడానికి ఆన్‌లైన్ రేటు పడగొట్టడం అందరూ చేసేదే. మీరు గ్రూపుకు ఇచ్చిన రేటు కంటే అది తక్కువగా ఉందనుకోండి, గ్వాంగ్జౌలో ఏ కస్టమరైనా ఫోన్ తీసి 'నేను ఒక్కడినే బుక్ చేసుకుంటే ఇంతకే వస్తోంది, మీరెందుకు ఎక్కువ తీసుకున్నారు?' అని అడుగుతాడు. అప్పుడు ఆ కంపెనీకి లాభం పోవడం ఒక ఎత్తు, తల కొట్టేసినట్టవడం ఇంకో ఎత్తు. పైగా చైనా గ్రూప్ టూర్లలో మార్జిన్ ఎప్పుడూ పలచనే. ఒకప్పుడు ఖర్చు కంటే తక్కువకు టూర్ అమ్మి, షాపుల్లో కమీషన్ మీద రాబట్టుకునేవాళ్లు. 2013 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన అక్కడి టూరిజం చట్టం దాన్ని నిషేధించింది. అలవాటు పూర్తిగా పోయిందని నేనననుగానీ, గది రేటులో పది దిర్హాములు కూడా వాళ్లకు లెక్కే.

సంతకం పెట్టాక మళ్లీ బేరమేమిటి అని మీకు ఒళ్లు మండటం సహజం. పరిస్థితి మారితే మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకోవాలి కూడా, అనే భావన అక్కడి వ్యాపారంలో గట్టిగా ఉంది. మనవాళ్లు మాత్రం ఇల్లు అగ్రిమెంట్ అయ్యాక రిజిస్ట్రేషన్ రోజున బేరం పెట్టరా? కోప్పడే బదులు వచ్చే కాంట్రాక్టులోనే దానికి చోటివ్వండి. చలికాలానికి, ఎండాకాలానికి, అక్టోబర్ వారానికి వేర్వేరు రేట్లు రాయండి. ఆన్‌లైన్ రేటు గ్రూప్ రేటు కంటే కిందికి దిగితే ఏం చేస్తారో రాయండి. ఏ నెలలో సమీక్ష అన్నదీ ముందే రాసుకోండి. అప్పుడు వాళ్లు ఆ నెలలో అడిగినా మీకు మోసంలా అనిపించదు.

ఇక బాకీ. మీరు లిస్టు తెర మీద పెట్టిన క్షణంలో మీ పని చూసే ఆ మేనేజర్ పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. పక్కన డైరెక్టర్, ఎదురుగా తన కింద పనిచేసే పిల్లలు. డబ్బు ఎందుకు ఆగిందో ఆవిడ డైరెక్టర్‌కు ఏం చెప్పి ఉందో మీకు తెలీదు. డైరెక్టరే ఆపమన్నాడేమో, అదీ తెలీదు. ఆయనే ఆపించి ఉంటే నిజం చెప్పి ఆయన్ని ఇరికించలేదు, అబద్ధం చెప్పి తను ఇరుక్కోలేదు. మీరు అడిగింది న్యాయమే. అందరి ముందు అడగడంతో ఆవిడకు తప్పుకునే దారి లేకుండా పోయింది. అక్కడి ఆఫీసుల్లో కింది వాళ్ల ముందు పలచనవడం చిన్న విషయం కాదు. ఆవిడ అరవలేదు, మెయిల్‌లో తిట్టలేదు. మీకు ఆ మౌనమే మిగిల్చింది. 'చూస్తాం' అనే మాటకు సాధారణంగా 'కాదు' అనో, 'నా చేతుల్లో లేదు' అనో అర్థం చేసుకోవాలి. అవునా కాదా అని ఇంకోసారి నిలదీస్తే మళ్లీ 'చూస్తాం' అనే వస్తుంది.

దీన్ని సరిచేయడానికి ఒక తలుపు ఉంది. చైనా నుంచి విదేశానికి సర్వీసు తాలూకు డబ్బు పంపాలంటే బ్యాంకు కాంట్రాక్టు, ఇన్‌వాయిస్ చూస్తుంది. ఒక్క చెల్లింపు 50 వేల డాలర్లు దాటితే అక్కడి పన్ను శాఖలో ముందుగా నమోదు చేయించాలి కూడా. ఇన్‌వాయిస్ మీద మీ కంపెనీ పేరు కాంట్రాక్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉందా? అకౌంట్ ఆ పేరు మీదే ఉందా? దుబాయ్ హోటళ్లలో హోటల్ పేరు ఒకటి, ఓనర్ కంపెనీ పేరు ఇంకొకటి కావడం మామూలే. నిజంగా అక్కడే ఆగి ఉండొచ్చు. ఆగకపోయినా, ఆవిడ గౌరవంగా బయటపడటానికి అది మంచి కారణం అవుతుంది. వీచాట్‌లో, ఆవిడ ఒక్కరికే, గ్రూపులో కాకుండా, ఇలా పంపండి:

'మా అకౌంట్స్ వాళ్లు ఏడాది లెక్కలు ముగిస్తున్నారు. అక్టోబర్ ఇన్‌వాయిస్‌ల కోసం మీ బ్యాంకుకు ఇంకేమైనా కాగితాలు కావాలా? పేరు, అకౌంట్ వివరాలు మార్చాలంటే ఈ వారంలోనే కొత్తవి చేయించి పంపుతాను. ఆ రోజు మీటింగ్‌లో తొందరపడ్డాను, మీతో ముందు విడిగా మాట్లాడి ఉండాల్సింది. జనవరిలో కలిసినప్పుడు మిగతావి మాట్లాడుకుందాం.'

ఇంతే. క్షమాపణ ఒక్క వాక్యం చాలు. దాన్ని సాగదీస్తే ఆ గాయాన్ని మళ్లీ కెలికినట్టవుతుంది. ఆ వాక్యానికి ఆవిడ జవాబివ్వకపోవచ్చు, కాగితాల సంగతికి ఇస్తుంది. పంపే వేళ కూడా చూసుకోండి. వాళ్ల టైం దుబాయ్ కంటే నాలుగు గంటలు ముందు. మధ్యాహ్న భోజనం, ఆ తర్వాత చాలామంది తీసే చిన్న కునుకు అయిపోయాక, అంటే దుబాయ్‌లో పదిన్నర దాటాక పంపితే మేలు. జీమెయిల్‌లో పంపి, చూడలేదని నిందించకండి. గూగుల్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అక్కడ నేరుగా పనిచేయవు. అక్కడి ఆఫీసు పని చాలావరకు నడిచేది వీచాట్ మీదే.

బాకీ విషయంలో కాలం మీ వైపే ఉంది. కొత్త సంవత్సరం వచ్చేలోపు పాత అప్పులు తీర్చుకోవాలన్నది చైనాలో పాత ఆచారం. ఆ పండుగ చాంద్రమానం ప్రకారం జనవరి చివరికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య వస్తుంది. 2026లో ఫిబ్రవరి 17, 2027లో ఫిబ్రవరి 6. దానికి వారం పది రోజుల ముందే ఆఫీసులు పలచబడతాయి, తర్వాత ఇంకో వారం ఎవరూ దొరకరు. కాబట్టి జనవరిలో ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. 'పండుగ లోపు లెక్క తేల్చుకుందాం' అంటే మీరు మొహమాటం లేకుండా అడిగినట్టూ ఉంటుంది, వాళ్లకు తప్పుగానూ తోచదు. పండుగ రోజుల్లో మాత్రం బాకీ ఊసెత్తొద్దు.

ఇప్పుడు విందు. తిండి సంగతి ఆవిడకో, ఆవిడ అసిస్టెంట్‌కో వారం ముందే చెప్పండి. టేబుల్ దగ్గర కూర్చున్నాక చెబితే, అన్నీ ఆర్డర్ చేసిన డైరెక్టర్ అతిథికి పెట్టలేకపోయానని ఇబ్బంది పడతాడు. 'వెజిటేరియన్' అని ఊరుకుంటే పచ్చికూరలో కోడి రసం, టోఫూలో పంది కైమా, సాస్‌లో ఆయిస్టర్ (ఆల్చిప్ప మాంసం) వస్తాయి. వాళ్ల దృష్టిలో అది కూరే, మాంసం కాదు. 'బౌద్ధులు గుడిలో తినే శాకాహారం లాంటిది, మా ఇంటి ఆచారం' అనండి, చటుక్కున అర్థమవుతుంది. గ్వాంగ్జౌలో అలాంటి భోజనం వండే హోటళ్లు ఉన్నాయి. ఆ లెక్కలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, మరి మీ ఇష్టం.

మందు గురించి భయం వద్దు. షాన్‌డాంగ్ లాంటి ఉత్తరాది చోట్లతో పోలిస్తే గ్వాంగ్జౌ వైపు తాగించే పట్టుదల తక్కువ, టీ మర్యాద ఎక్కువ. మద్యం బదులు టీ కప్పు ఎత్తడం అక్కడ ఎరిగిన మర్యాదే. అయితే పక్కన పెట్టేసి కూర్చోకూడదు. డైరెక్టర్ మీ వైపు గ్లాసు ఎత్తితే మీరు లేచి, రెండు చేతులతో కప్పు పట్టుకుని, మీ కప్పు అంచు ఆయన గ్లాసు అంచు కంటే కొంచెం కిందికి ఉండేలా తాకించండి. పెద్దవాళ్లకు ఇచ్చే మర్యాద అది. ఎవరైనా టీ పోస్తున్నప్పుడు మాట మధ్యలో ఉంటే రెండు వేళ్లతో బల్ల మీద చిన్నగా తట్టండి. గ్వాంగ్జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో థాంక్స్ అలాగే చెబుతారు. ఈ ఒక్కటి చేస్తే టేబుల్ చుట్టూ నవ్వులు పూస్తాయి, నా మాట నమ్మండి.

కుర్చీ మీరు ఎంచుకోవద్దు. సాధారణంగా తలుపుకు ఎదురుగా ఉండే చోటు విందు ఇచ్చేవారిది, ఆయన కుడిచేతి వైపు ముఖ్య అతిథిది. ఎక్కడ చూపిస్తే అక్కడ కూర్చోండి. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, చనిపోయినవాళ్లకు వెలిగించే అగరొత్తుల్లా కనబడుతుంది. చేతకాకపోతే చెంచా అడగడంలో నామోషీ లేదు. గిన్నె ఖాళీ చేస్తే మళ్లీ వడ్డిస్తారు, చాలనుకున్నప్పుడు కొంచెం మిగల్చండి. బిల్లు కోసం మీరు కొట్లాడొద్దు, పిలిచింది వాళ్లు. దుబాయ్ వచ్చినప్పుడు పెట్టేది మీరు.

బాకీ మాట టేబుల్ మీద ఎత్తకండి. విందులో ఒకే ఒక్క వ్యాపార పని చేయండి. డైరెక్టర్ వినేలా, ఆవిడ చేసిన ఏదైనా ఒక నిర్దిష్టమైన పని చెప్పండి. అక్టోబర్‌లో విమానం ఆలస్యమైనప్పుడు రాత్రికి రాత్రి రూమింగ్ లిస్ట్ (ఏ గదిలో ఎవరన్న జాబితా) మార్చి పంపడం లాంటిది, నిజంగా జరిగినది. పోయిన నెల అందరి ముందు పోయిన పరువు మళ్లీ అందరి ముందే రావాలి. లెక్కలు మర్నాడు ఆఫీసులో.

బహుమతికి ఖర్జూరాల పెట్టె బాగుంటుంది. ఎరుపో బంగారు రంగో కాగితం చుట్టించండి, తెలుపు వద్దు. నాలుగు పెట్టెలు వద్దు, ఎందుకో నాలుగో అంతస్తు దగ్గర చెబుతాను. దేరా షాపుల్లో బుర్జ్ ఖలీఫా బొమ్మతో టేబుల్ గడియారాలు అమ్ముతారే, అవి అసలే వద్దు. అక్కడ గడియారం బహుమతి అంటే అంత్యక్రియలు గుర్తొస్తాయి. గ్రూపులకు టోపీలు పంచే ఆలోచన ఉంటే ఆకుపచ్చవి మానేయండి, భార్య మోసం చేసినవాడిని వెక్కిరించే గుర్తు అది. కంపెనీ ప్రభుత్వానిదైతే ఖరీదైనదేదీ ఇవ్వొద్దు, ప్రభుత్వ ఉద్యోగుల ఆడంబరాల మీద 2012 చివర్లో మొదలైన ఆంక్షల తర్వాత అలాంటివి తీసుకోవడానికి జంకుతారు.

మీ లాబీకి వస్తే, ఇక్కడ చాలావరకు ఏర్పాట్ల లోపమే కనబడుతోంది నాకు. రాత్రంతా విమానంలో కూర్చుని పొద్దున్నే దిగిన నలభై మందిని మధ్యాహ్నం మూడింటి చెకిన్ దాకా కూర్చోబెడితే ఎవరైనా గోల చేస్తారు. వచ్చేలోపు తాళాలు కవర్లలో పెట్టి టూర్ లీడర్ చేతికివ్వండి. గదులు సిద్ధంగా లేకపోతే సామాన్లు పెట్టుకోవడానికి ఒక మూల, వేడినీళ్ల ఫ్లాస్కులు చూపించండి. ఎండ 45 డిగ్రీలున్నా వాళ్లు అడిగేది వేడినీళ్లే. ఐసు వేసి ఇవ్వడం మనకు మర్యాదేమో, వాళ్లకు కాదు. గదిలో కెటిల్, స్లిప్పర్లు, టూత్‌బ్రష్ తప్పనిసరి. అయితే షాంఘైలో 2019 జులై నుంచి బ్రష్, దువ్వెన లాంటివి అడిగితేనే ఇవ్వాలన్న నియమం వచ్చింది, కాబట్టి కుర్రవాళ్లు తమవే తెచ్చుకోవచ్చు. హిల్టన్ 2011లోనే చైనా అతిథుల కోసం కెటిల్, మల్లె టీ, స్లిప్పర్లు, చైనీస్ టీవీ ఛానల్, పొద్దున జావ, చైనీస్ మాట్లాడే ఉద్యోగి అంటూ ఒక ప్యాకేజీ పెట్టింది. అందులో మీ ఫోర్ స్టార్ చేయలేనిది ఏదీ లేదు.

బ్రేక్‌ఫాస్ట్ తోపులాటకు కారణం, బస్సు ఎనిమిదింటికి కదులుతుంది, మీ బఫే ఏడింటికి తెరుస్తారు. గ్రూపుకు ఆరున్నరకే వేరుగా ఒక పక్కన గుండ్రటి బల్లలు వేయండి. బియ్యం జావ, ఉప్పులో ఊరేసిన కూరలు, ఉడికించిన గుడ్లు, ఆకుకూర వేపుడు, నూడుల్స్, సోయా పాలు. చల్లటి పాలు, కార్న్‌ఫ్లేక్స్ ముందు పెట్టుకుని ఎవరూ క్యూలో ఓపిగ్గా నిలబడరు.

నాలుగో అంతస్తు విషయంలో వాదించొద్దు. వాళ్ల భాషలో నాలుగు, చావు దగ్గరగా పలుకుతాయి. గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ పెద్దవాళ్లకు పట్టింపు ఎక్కువ, కుర్రవాళ్లు అంతగా పట్టించుకోరు. ఆ గ్రూపులకు నాలుగు, పద్నాలుగు అంతస్తులు ఇవ్వకుండా సిస్టమ్‌లోనే బ్లాక్ చేస్తే పేచీ రానే రాదు. పేర్ల దగ్గర జాగ్రత్త. వాళ్లకూ మన తెలుగువాళ్లలాగే ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్ ఫారాలతో మనం పడ్డ తిప్పలే వాళ్లూ పడతారు. వాంగ్, లీ, జాంగ్ ఒక్కో ఇంటిపేరూ దాదాపు పది కోట్ల మందిది. ఇంటిపేరుతో వెతికితే మీ గ్రూపులోనే ఆరుగురు వాంగ్‌లు తేలతారు, పాస్‌పోర్ట్ నంబర్‌తో వెతకండి.

ఇంకో చోట కూడా పరువు సమస్య ఉంటుంది, మీ వాళ్లు గమనించారో లేదో. గదికి రాత్రికి 15 దిర్హాముల టూరిజం దిర్హామ్ అనే ప్రభుత్వ రుసుము, పైగా డిపాజిట్, ఇవి కౌంటర్ దగ్గర ఒక్కొక్కరినీ అడిగితే 'అన్నీ కట్టేశాం కదా' అని అందరూ టూర్ లీడర్ మీద పడతారు. ఆ లీడర్ మీ మీద పడుతుంది. దాన్ని కాంట్రాక్టులో కలపండి, లేదా లీడర్‌ను పక్కకు తీసుకెళ్లి ఒకేసారి తేల్చుకోండి. కౌంటర్‌లో చైనా వాళ్లు డబ్బు కట్టే అలీపే, వీచాట్ పే, యూనియన్‌పే మూడూ పనిచేస్తున్నాయో లేదో మీరే స్వయంగా చూడండి.

మీ వెబ్‌సైట్లో, ఫీడ్‌బ్యాక్ ఫారంలో దేశాల జాబితా ఈ రోజే తెరిచి చూడండి. 2018 జనవరిలో మారియట్ ఒక సర్వేలో టిబెట్, హాంకాంగ్, మకావు, తైవాన్‌లను వేరే దేశాలుగా చూపించినందుకు చైనాలో వాళ్ల వెబ్‌సైట్, యాప్ వారం పాటు మూయించారు. రాజకీయంగా మీ అభిప్రాయం ఏదైనా కానివ్వండి, ఆ జాబితా మీద మీ జీఎం నిర్ణయం ఉండాలి తప్ప ఐటీ కుర్రాడి కాపీ పేస్ట్ ఉండకూడదు.

స్టాఫ్ నవ్వులు ఆపించండి, గట్టిగానే. భాష తెలియకపోయినా తమను చూసి నవ్వుతున్నారని ఎవరికైనా తెలుస్తుంది, ఎవరైనా దాన్ని వీడియో తీసి చైనా సోషల్ మీడియా యాప్ షియావోహోంగ్షూలో పెడితే తీయించడం మీ వల్ల కాదు. గ్రూపుల్లో రాకుండా సొంతంగా వచ్చే చైనా కుర్రకారు ఇప్పుడు హోటల్ ఎంచుకునేముందు చూసేది అలాంటి యాప్‌లే. దుబాయ్‌లో చైనీస్ మాట్లాడే ఉద్యోగి దొరకడం కష్టమేమీ కాదు. ఫ్రంట్ ఆఫీసులో ఒక్కరు ఉన్నా సగం అపార్థాలు అక్కడే ఆగిపోతాయి.

ఇంత చేశాక కూడా పండుగ లోపు డబ్బు రాలేదనుకోండి. అప్పుడది కల్చర్ సంగతి కాదు, అరువు సంగతి. మే 1 సెలవుల గ్రూపుల నుంచి గదులు అడ్వాన్సు మీదే ఇవ్వండి, రూమింగ్ లిస్ట్ వచ్చే రోజుకు మిగతాది కట్టాలని రాయండి. ఆ మాట మాత్రం మీరు చెప్పొద్దు. వాళ్ల డైరెక్టర్‌కు మీ జీఎం గారు ఫోన్ చేసి చెప్పాలి, హోదాకు హోదా సరిపోతుంది. ఆ తర్వాత కూడా రోజూ ఆవిడతో పని చేయించుకోవాల్సింది మీరే కదా.